సంతకమా, పిన్నా: రెండింటినీ ఏళ్ల తరబడి వాడాక

దుకాణంలో కార్డుతో చెల్లించేటప్పుడు స్లిప్పు మీద సంతకం పెట్టే పద్ధతినీ, మెషిన్‌లో పిన్ నొక్కే పద్ధతినీ ఏళ్ల తరబడి వాడాక నా ఓటు పిన్‌కే. సంతకాన్ని ఎవడైనా దించేస్తాడు కాబట్టి అని అందరూ అంటారు. నిజమే గానీ, అసలు తేడా ఏది ముందు, ఏది వెనక అన్నదాంట్లో ఉంది. పిన్ అయితే ముందు సరిచూస్తారు, తరవాత చెల్లింపు పాసవుతుంది. సంతకం అయితే తలకిందులు: బ్యాంకు సరేనన్నాక, స్లిప్పు బయటికొచ్చాక, అప్పుడు పెన్ను చేతికిస్తారు. సంతకం పోలలేదని క్యాషియర్‌కి అనిపిస్తే, అప్పటికే పాసైన లావాదేవీని వాయిడ్ కొట్టాలి, అంటే రద్దు చేయాలి. దానికి చాలాచోట్ల సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ కావాలి. వరుసలో జనం నిలబడి ఉండగా ఆ తలనొప్పి ఎవరు పెట్టుకుంటారు? కార్డు వెనక్కి తిప్పి చూసేవాళ్లే అరుదు. స్క్రీన్ మీద వేలితో పెట్టే సంతకం సంగతి చెప్పనే అక్కర్లేదు, ఎవరిదైనా కోడిగీతల్లాగే ఉంటుంది.

సంతకం వాడక తప్పని కార్డయితే వెనక తెల్లపట్టీ మీద బాల్‌పెన్నుతో గట్టిగా సంతకం చేసి, ఒక నిమిషం ఆరనివ్వాలి. జెల్ పెన్ను పర్సులో రాసుకుని అలుక్కుపోతుంది. పట్టీని గీరితే కిందనుంచి 'వాయిడ్' అన్న అక్షరాలు బయటపడేలా చాలా కార్డుల్లో ముద్రిస్తారు. పట్టీ ఖాళీగా వదిలితే, దొరికినవాడు తన చేతిరాతతోనే అక్కడ సంతకం పెట్టుకుంటాడు. ఆపైన స్లిప్పు మీది సంతకం పట్టీ మీదిదానితో మక్కీకి మక్కీ కలుస్తుంది. ఇంతకంటే సుఖమైన దొంగతనం ఇంకోటి లేదు.

పిన్ అడగాలా, సంతకం అడగాలా అన్నది దుకాణదారు ఇష్టం అనుకుంటారు చాలామంది. కాదు. చిప్‌లో ఒక జాబితా ఉంటుంది, బ్యాంకు కార్డు తయారుచేసేటప్పుడే రాసి పెడుతుంది: మొదట ఇది, కుదరకపోతే అది, అదీ కాకపోతే ఏ తనిఖీ లేకుండా. మెషిన్ ఆ జాబితాను పైనుంచి కిందికి చదువుతూ, తనకు చేతనైన మొదటి పద్ధతి దగ్గర ఆగుతుంది. అందుకే ఒకే మెషిన్ ఒక కార్డుకు పిన్ అడిగి, పక్క కార్డుకు స్లిప్పు ముద్రిస్తుంది. సంతకానికే పెద్దపీట వేసిన కార్డులతో చిక్కు మనిషి లేని చోట వస్తుంది. టికెట్ మెషిన్‌కీ పెట్రోలు పంపుకీ సంతకం చూసే కళ్లు లేవు కాబట్టి, జాబితాలో పిన్ అసలే లేని కార్డును చాలాసార్లు తిప్పికొడతాయి. ఇలాంటి కార్డుతో ప్రయాణం పెట్టుకుంటే బ్యాంకును పిన్ అడిగి తీసుకోవడం ఒక్కటే చాలదు, ఆ పిన్ దుకాణాల్లో కూడా పనిచేస్తుందా, ఏటీఎమ్‌లోనేనా అని కూడా అడగాలి.

పిన్‌లోనూ రెండు రకాలున్నాయి. ఆన్‌లైన్ పిన్ గుప్తలిపిలో బ్యాంకు దాకా వెళ్లి అక్కడ సరిచూడబడుతుంది. ఆఫ్‌లైన్ పిన్‌ను చిప్పే సరిచూస్తుంది. నాకు కనిపించిన తికమకల్లో సగం ఇక్కడివే. యాప్‌లో పిన్ మార్చుకుంటే బ్యాంకు దగ్గరిది మారుతుంది, చిప్‌లో పాతదే ఉండిపోవచ్చు. ఏటీఎమ్‌లో కొత్తది పనిచేస్తుంది, దుకాణంలో తప్పంటుంది. కార్డును బ్యాంకు ఏటీఎమ్‌లో ఒకసారి పెట్టి, పిన్ సేవల మెనూలోంచి మార్చితే సాధారణంగా చిప్‌లోకీ ఎక్కుతుంది. చిప్‌లో తప్పుల లెక్క కూడా ఉంటుంది, మామూలుగా 3. ఇంకొక్క అవకాశమే మిగిలితే మెషిన్ 'లాస్ట్ పిన్ ట్రై' అని చూపిస్తుంది. అది కనబడగానే ఎర్ర బటన్ నొక్కి బయటపడి, తీరిగ్గా గుర్తు తెచ్చుకోండి. మూడోదీ తప్పితే పిన్ బ్లాక్ అవుతుంది, సరైన పిన్ నొక్కినా తీసుకోదు.

బటన్ల విషయం చిన్నదే గానీ రోజూ పనికొస్తుంది. ఒక అంకె తప్పితే పసుపు బటన్, ఎర్రది నొక్కితే మొత్తం లావాదేవీ పోతుంది. 5 మీద చిన్న బొడిపె ఉంటుంది, చేత్తో కప్పుకుని చూడకుండా నొక్కడానికి అదే ఆధారం. పిన్‌ను అక్షరాలుగా గుర్తుపెట్టుకునేవాళ్లు అంకెలకు మారాలి, అన్ని మెషిన్ల మీదా అక్షరాలుండవు. పిన్ నొక్కేముందు స్క్రీన్ మీద మొత్తం ఎంతో చూడండి. వైరు అందట్లేదు, పిన్ చెప్పేయండి అని క్యాషియర్ అంటే మాత్రం మెషిన్ ఇటు ఇమ్మనండి, లేదా మీరే అటు వెళ్లండి.

పిన్ లోపం లేనిదని కాదు. 2010లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ పరిశోధకులు కార్డుకూ మెషిన్‌కూ మధ్య ఒక పరికరం దూర్చి, ఏ అంకెలు నొక్కినా చెల్లింపు జరిగేలా చేసి చూపించారు. పిన్ సరిపోయిందని మెషిన్ అనుకుంటుంది, సంతకం తీసుకున్నారని కార్డు అనుకుంటుంది. ఆ ఎత్తు ఆఫ్‌లైన్ పిన్‌కే చెల్లింది, బ్యాంకు దాకా వెళ్లే పిన్‌కు కాదు. నాకు అంతకంటే ఇబ్బంది వేరే ఉంది: మోసం జరిగాక పిన్ సరిపోయిందని రికార్డులో ఉంటే, మీరే ఎవరికో చెప్పుంటారు అన్న మాట బ్యాంకు నోట ముందు వస్తుంది. సంతకం రోజుల్లో కనీసం స్లిప్పు తెప్పించి, ఇది నా రాత కాదు అని చూపించే వీలుండేది. పిన్‌కు రాత ఉండదు కదా.

సంతకం ఎలాగూ తెరమరుగవుతోంది. బ్రిటన్‌లో 2006 ఫిబ్రవరి 14 నుంచి దుకాణాల్లో పిన్ మామూలైపోయింది. అమెరికాలో 2018 ఏప్రిల్‌లో వీసా, మాస్టర్‌కార్డ్, అమెరికన్ ఎక్స్‌ప్రెస్, డిస్కవర్ సంతకం తప్పనిసరి అన్న నిబంధనను సడలించాయి. చిన్న మొత్తాలకు కార్డు తాకిస్తే రెండూ అడగరు. అలా కొన్నిసార్లు తాకించాక మధ్యలో ఉన్నట్టుండి పిన్ అడిగితే మెషిన్ చెడిపోలేదు, పిన్ లేకుండా తాకించే లెక్క నిండింది. కార్డును చిప్ వైపు నుంచి లోపలికి పెట్టి సరైన పిన్ కొడితే చాలా కార్డుల్లో ఆ లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది.