కాలింపాంగ్‌లో కొన్న పాత భైషజ్యగురు థాంకా

కాలింపాంగ్‌లోని ఒక పురాతన వస్తువుల దుకాణంలో తీసుకున్న టిబెటన్ థాంకా (గుడ్డ మీద వేసి, చుట్టి దాచుకునే బౌద్ధ చిత్రం) గురించి ముందే ఒక మాట చెప్పేస్తాను: బొమ్మ అసలైనది, దానికి దుకాణదారు కట్టిన వయస్సు మాత్రం నమ్మదగినది కాదు. లాసా నుంచి జెలెప్ లా కనుమ మీదుగా ఉన్ని మూటలతో దిగివచ్చే కంచరగాడిదల బిడారులు 1962 యుద్ధం దాకా ఈ ఊరికే చేరేవి. 1959 తరువాత టిబెట్ విడిచి వచ్చిన కుటుంబాలు కూడా ఈ కొండల్లో స్థిరపడ్డాయి. అందువల్ల ఇక్కడ నిజమైన పాత థాంకాలు కనబడటంలో వింత లేదు, వాటి పక్కనే పొగబెట్టి ముసలితనం తెప్పించిన కొత్తవి వేలాడటంలోనూ వింత లేదు.

చిత్రం నడుమ ముదురు నీలి దేహంతో, రోగాలు నయం చేసేవాడని కొలిచే భైషజ్యగురు బుద్ధుడు పద్మాసనంలో ఉన్నాడు. వరమిచ్చే వరదముద్రలో మోకాలి మీదుగా చాచిన కుడిచేతి వేళ్ళ మధ్య కరక్కాయ కొమ్మ, ఒడిలోని ఎడమచేతిలో భిక్షాపాత్ర, ఇరువైపులా సూర్యప్రభ, చంద్రప్రభ బోధిసత్వులు, పైవరుసలో శాక్యమునితో కలిపి మిగతా ఏడుగురు వైద్యబుద్ధులు ఉన్నారు. దేవతామూర్తుల కొలతలన్నీ శాస్త్రం ముందే నిర్ణయించి పెడుతుంది కాబట్టి, చిత్రకారుడి సొంత చేయి తెలిసేది కొండల్లో, మేఘాల్లో, వస్త్రాల మడతల్లోనే. ఈ చిత్రకారుడికి మేఘాలు బాగా వచ్చు, చేతివేళ్ళు అంత బాగా రావు. సంతకం లేదు, పాత థాంకాలకు సాధారణంగా ఉండదు.

థాంకాను కొనేవారు ముందువైపు కంటే వెనుకవైపు ఎక్కువసేపు చూడాలన్నది నా అభిప్రాయం. సుద్దనూ చర్మం ఉడికించి తీసిన జిగురునూ కలిపి నూలుగుడ్డకు పూసి, నున్నని రాయితో రుద్ది, ఆ పైన రంగులు వేస్తారు. ప్రతిష్ఠ సమయంలో ప్రతి మూర్తి నుదురు, కంఠం, హృదయం ఉండే చోట గుడ్డ వెనుక ఓం, ఆః, హూం అనే బీజాక్షరాలు రాస్తారు. ఈ థాంకాను వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే ఎర్రసిరాతో రాసిన ఆ మూడక్షరాలు మూర్తుల అవయవాలకు సరిగ్గా కుదురుతున్నాయి. కింది మూలలో ఎప్పుడో నీరు తగిలిన మరక ఉంది. ఆ మరక అంచున అక్షరాల సిరా కూడా చెదిరి పాకింది కాబట్టి, అక్షరాలు మరక కంటే ముందువి. చుట్టి దాచడం వల్ల పడిన అడ్డపగుళ్ళు రంగుపొర దాకా ఉన్నాయి, వెన్నదీపాల మసి మడతల్లో ఎక్కువగా, మిగతా చోట్ల తక్కువగా పట్టింది. కావాలని పొగబెట్టిన గుడ్డకైతే గోధుమరంగు అంతటా ఒకేలా పడుతుంది.

ఇక వయస్సు సంగతి. దుకాణం వారి చీటీ మీద 18వ శతాబ్దం అని రాశారు. భూతద్దంలో చూస్తే దేహపు నీలంలో అజురైట్ రాయి పలుకులు స్పష్టంగా మెరుస్తున్నాయి, ఎరుపు ఇంగిలీకంలాగే, పసుపు హరిదళంలాగే ఉన్నాయి; ఇవన్నీ పాతకాలపు ఖనిజపు రంగులే. కాని ఎడమవైపు కొండలోని ప్రకాశవంతమైన నీలంలో ఒక్క పలుకు లేదు. అది ఫ్యాక్టరీలో తయారైన అల్ట్రామరైన్ అనే నీలిరంగు అయివుండవచ్చు, ఆ ఫ్యాక్టరీ రంగు 1820ల చివరిదాకా ప్రపంచంలోనే లేదు. కొండ అంచున గీసిన బంగారు గీత ఆ నీలం మీదుగా తెగకుండా సాగింది కనుక, తరువాత చేసిన మరమ్మతు అని కొట్టివేయడమూ కష్టం. ల్యాబ్ పరీక్ష లేకుండా ఇంతకు మించి చెప్పకూడదు గాని, 19వ శతాబ్దపు రెండో సగం అనుకోవడం నాకు సబబుగా తోస్తోంది.

చుట్టూ కుట్టిన జరీపట్టు అంచు పాతది కాదు. గుడ్డ అంచుల్లో ఇప్పటి కుట్టుకు సంబంధం లేని సూదిరంధ్రాల వరుస ఇంకొకటి కనబడుతోంది. బొమ్మ ముఖాన్ని కప్పే పట్టుతెర పోయింది.

దుకాణం వారు చిత్రాన్ని పగటి వెలుతురులోకి తెచ్చి, తిరగేసి చూడనిచ్చారు, తొందరపెట్టలేదు. అయితే దుమ్ము కనబడగానే తడిగుడ్డ అందుకున్న కుర్రవాడిని ఆపవలసి వచ్చింది. జిగురులో కలిపిన రంగు నీటికి కరిగిపోతుందని పురాతన వస్తువులు అమ్మేవారికి ఒకరు చెప్పాలా? పైగా దాన్ని కిటికీకి ఎదురుగా వేలాడదీశారు. ఎండ తగిలితే లక్క ఎరుపు, నీలిమందు వెలిసిపోతాయి. ఇలాంటి సున్నితమైన వాటికి 50 లక్స్‌కు (వెలుతురును కొలిచే ప్రమాణం) మించని వెలుతురు చాలునని మ్యూజియంలు పాటించే లెక్క.

అసలు పేచీ కాగితాల దగ్గర వచ్చింది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన చిత్రం పురావస్తువు. అమ్మే వ్యాపారికి లైసెన్సు ఉండాలి, థాంకాలను రిజిస్టర్ చేయించాలి, ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. ధర చెప్పేటప్పుడు రెండు వందల యేళ్ళకు పైబడిన చిత్రం, రిజిస్ట్రేషన్ అడిగేసరికి "అంత పాతదేమీ కాదండీ" అన్నారు. లైసెన్సు నంబరు వేసి, 19వ శతాబ్దం అని మార్చి, నీటిమరకనూ కొత్త అంచునూ పేర్కొంటూ బిల్లు రాసిచ్చిన తరువాతే, ఆ మేరకు తగ్గించిన ధరకు తీసుకున్నాను.