విశాఖ కాలనీల్లో చిన్న ఫిజియోథెరపీ క్లినిక్‌లు ఎలా ఉన్నాయి?

గాజువాక నుంచి మధురవాడ దాకా చిన్న క్లినిక్‌లలో సామాను దాదాపు ఒకటే: రెండు మంచాలు, ఐఎఫ్‌టీ (నొప్పి తగ్గడానికి సన్నగా కరెంటు పెట్టే యంత్రం), నొప్పికి వాడే అల్ట్రాసౌండ్ యంత్రం, గోడకు భుజం తిప్పే చక్రం. ఏది మంచిదో మొదటి రోజు అడిగే ప్రశ్నల్లో తెలిసిపోతుంది. నొప్పి ఎక్కడ అని అందరూ అడుగుతారు. ఏం పని చేస్తారని అడిగే చోటికే వెళ్లండి.

ఎందుకంటే జాలరిపేటలో వలలు బాగుచేసుకునే మనిషికి మోకాళ్ల నొప్పి వస్తే, "కింద కూర్చోవద్దు" అనడం వైద్యం కాదు, బతుకుతెరువు మానుకోమనడం. పని తెలిసిన థెరపిస్టులు ఎత్తు పీట వేసుకోమంటారు, అరగంటకోసారి లేచి నడవమంటారు, తొడ కండరానికి బలం పెంచుతారు. మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దాన్ని కిందికి నొక్కి 5 సెకన్లు ఆపాలి. పూటకు 10 సార్లు. చాలామంది పాదం మాత్రమే లాగి వదిలేస్తారు, తొడ బిగుసుకోదు. అందుకే తొడ మీద చెయ్యి వేసి చూడాలి. ఊపిరి బిగబట్టకూడదు, బీపీ ఉన్నవాళ్లయితే మరీ.

భుజం పట్టేసినవాళ్లను షుగర్ ఉందా అని అడగని క్లినిక్‌ను నమ్మలేం. షుగర్ ఉన్నవాళ్లలో ఈ జబ్బు ఎక్కువ, తగ్గడానికి నెలలు పడుతుంది. నొప్పి తీవ్రంగా ఉన్న తొలి దశలో బలవంతంగా చెయ్యి ఎత్తిస్తే ఇంకా ముదురుతుంది. షుగర్‌తో పాదాలు మొద్దుబారినవాళ్లకు స్పర్శ పరీక్షించకుండా వేడి కాపడం పెడితే బొబ్బలెక్కుతాయి. పేస్‌మేకర్ ఉంటే ఐఎఫ్‌టీ జోలికి పోకూడదు. ఇవి అడగడానికి రెండు నిమిషాలు చాలు, అయినా రద్దీలో వదిలేస్తున్నారు. ఇది క్షమించరాని లోపం.

పక్షవాతం వచ్చినవాళ్ల ఇంటికి వచ్చి చేయించే సేవ మెచ్చుకోదగ్గది. కొండవాలు సందుల్లో ఆటో కూడా ఎక్కదు. అయితే పేషెంటుతో పాటు ఇంట్లోవాళ్లకూ నేర్పాలి. పడిపోయిన చెయ్యి పట్టుకుని లేపితే భుజం కీలు జారుతుంది, నడుం దగ్గర పట్టుకుని లేపాలి.

వేళలు మాత్రం మారాలి. సాయంత్రాలే తెరిస్తే ఆ వేళకు పనిలో ఉండే ఉక్కు ఫ్యాక్టరీ బి షిఫ్టు వాళ్లు ఎప్పుడు రావాలి? ఆడవాళ్లకు పరదా, వీలైతే మహిళా థెరపిస్టు ఉండాలి.

10 సిట్టింగుల డబ్బు ముందే కట్టకండి. కీలు ఎన్ని డిగ్రీలు వంగుతోందో మొదటి రోజు కొలిచి రాయించుకోండి, వారానికోసారి మళ్లీ కొలవమనండి.