డక్ హంట్ ఇప్పుడు ఆడాలంటే ఏది మేలు: డబ్బా టీవీయా, కొత్త గన్నా, మౌసా?

పోయిన దసరాకి ఊరెళ్ళినప్పుడు అటక మీద మా పాత వీడియో గేమ్ దొరికింది, నల్ల ప్లాస్టిక్ గన్నుతో సహా. అందులోదే డక్ హంట్, టీవీలో ఎగిరే బాతుల్ని ఆ గన్నుతో కాల్చే ఆట. మా మేనల్లుడు ఎగిరి గంతేసి, తీసుకెళ్ళి హాల్లో గోడకున్న ఎల్‌ఈడీ టీవీకి తగిలించాడు. బాతులు ఎగిరాయి, వాడు కాల్చాడు, ఒక్కటీ పడలేదు. మూడు గుళ్ళూ అయిపోగానే గడ్డిలోంచి కుక్క లేచి నోటికి కాళ్ళు అడ్డం పెట్టుకుని నవ్వింది. పది బాతులూ ఎగిరిపోయేదాకా నవ్వుతూనే ఉంది. "మామయ్యా, గన్ను పాడైపోయింది" అన్నాడు వాడు ఏడుపు మొహంతో. గన్నుకేం కాలేదు, తప్పంతా టీవీదే.

ఎందుకో తెలిస్తే మిగతా లెక్క సులువు. మనం చిన్నప్పుడు అనుకున్నట్టు గన్నులోంచి ఏదో కిరణం వెళ్ళి బాతుకు తగలదు. టీవీలోంచి వచ్చే వెలుతురే గన్ను గొట్టంలోకి వెళ్తుంది, లోపల దాన్ని పసిగట్టే చిన్న సెన్సార్ ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కగానే స్క్రీను మొత్తం ఒక్క ఫ్రేమ్ పాటు, అంటే టీవీ ఒక్కసారి బొమ్మ గీసేంతసేపు, నల్లబడుతుంది, ఆ వెంటనే బాతు ఉన్నచోట మాత్రం తెల్ల డబ్బా మెరుస్తుంది. నలుపు, దాని వెనకే తెలుపు కనిపిస్తే బాతు పడ్డట్టు. బాతులు రెండుంటే రెండు డబ్బాలూ ఒకేసారి రావు, వేర్వేరు ఫ్రేముల్లో వస్తాయి, ఏ బాతుకు తగిలిందో అలా తెలుస్తుంది. బల్బుకేసి గురిపెట్టి కాలిస్తే పాయింట్లు వస్తాయని మా వీధిలో ఒకడు ఒట్టేసి చెప్పేవాడు, మేమంతా నమ్మాం. నల్ల ఫ్రేము ఉన్నది అలాంటి తెలివితేటలకు కళ్ళెం వేయడానికే, ఎందుకంటే బల్బు ఆ క్షణంలో కూడా వెలుగుతూనే ఉంటుంది కదా.

ఇదంతా సెకనులో ఏ కొద్ది వంతులోనో జరిగిపోవాలి. డబ్బా టీవీ, అంటే పాత పిక్చర్ ట్యూబ్ టీవీ, సిగ్నల్ అందిన క్షణంలోనే బొమ్మ గీస్తుంది. ఇప్పటి టీవీ బొమ్మను తీసుకుని, సాగదీసి, సాఫు చేసి, కాస్త ఆగి చూపిస్తుంది, ఈలోపు గన్ను చూడ్డం అయిపోయి "తగల్లేదు" అని చెప్పేస్తుంది. పైగా ఈ ఆట తయారుచేసిన నింటెండో వాళ్ళ అసలు గన్ను జాపర్‌లో ట్యూబ్ టీవీ గీతలు గీసే వేగానికి, అంటే సెకనుకు 15 వేలకు పైచిలుకు గీతలకు సరిపోయే ఫిల్టర్ కూడా ఉంది. కాబట్టి టీవీలో ఆలస్యం తగ్గించే గేమ్ మోడ్ పెట్టినా లాభం లేదు, ఆ ఆశ వదిలేయండి.

ఇక ఉన్న దారులు. మౌస్‌తో మొదలుపెడతా, ఎందుకంటే అది తొందరగా తేలిపోతుంది. కంప్యూటర్‌లో ఎమ్యులేటర్ (పాత గేమ్ మెషీన్‌లా నటించే సాఫ్ట్‌వేర్) వేసుకుని మౌస్‌తో క్లిక్ చేస్తే ఖర్చు లేదు, నిజమే, కానీ ఆట కూడా లేదు. డక్ హంట్‌లో కష్టం మొత్తం చాచిన చేయి వణకడంలోనే ఉంది, అది తీసేస్తే మిగిలేది బాతు బొమ్మల మీద క్లిక్ చేసే గుమాస్తా పని.

2014 చివర్లో నింటెండో వీ యూ కన్సోల్‌కి రిమోట్‌తో కాల్చే డక్ హంట్ వచ్చింది, బాగానే ఉండేది. 2023 మార్చిలో ఆ కన్సోల్ ఆన్‌లైన్ షాపే మూసేశారు, ఇప్పుడు కొత్తగా కొనే వీల్లేదు.

అసలు పోటీ కొత్త గన్నులకీ డబ్బా టీవీకీ మధ్యే. కొత్తవాటిలో సిండెన్ గన్ను ముక్కులో కెమెరా ఉంటుంది, స్క్రీను చుట్టూ గీసిన తెల్ల అంచును చూసి మనం ఎటు గురిపెట్టామో లెక్కగడుతుంది. గన్‌ఫోర్‌ఐఆర్ అయితే టీవీ అంచుల్లో నాలుగు చిన్న ఇన్‌ఫ్రారెడ్ లైట్లు అతికించుకోవాలి, స్క్రీను మీద తెల్ల అంచు అక్కర్లేదు. రెండూ ఎల్‌ఈడీ మీద శుభ్రంగా పనిచేస్తాయి. ఒక స్నేహితుడింట్లో సిండెన్‌తో ఓ సాయంత్రమంతా ఆడాను, గురి ఎంత కచ్చితంగా ఉందంటే నా చేతకానితనం మొత్తం బయటపడిపోయింది. పాత గన్నుకు అసలు మనం ఎటు చూస్తున్నామో తెలీదు, తెల్ల డబ్బా వెలుతురు పడిందా లేదా అంతే దాని గొడవ, అందుకని కాస్త పక్కకు పోయినా బాతు పడేది. ఇంకో తేడా. అప్పట్లో మేం ఓడిపోతుంటే మోకాళ్ళ మీద పాక్కుంటూ వెళ్ళి గన్ను గొట్టం టీవీ అద్దానికి ఆనించి కాల్చేవాళ్ళం. కొత్త గన్నుతో ఆ దొంగాట కుదరదు, కెమెరాకు అంచులన్నీ కనిపించాలంటే వెనక్కి నిలబడాల్సిందే.

మరి అదే కొనుక్కోవచ్చు కదా అంటే, డక్ హంట్ ఒక్కదాని కోసమైతే వద్దంటాను. గన్ను విదేశాల నుంచి తెప్పించుకోవాలి, షిప్పింగు, కస్టమ్స్, కంప్యూటర్ సెటప్పు, ఇదంతా అయ్యాక చేతికొచ్చేది ఇరవై నిమిషాల ఆట. నిజం ఒప్పుకోవాలి, ఇది చిన్న గేమ్. ఒక బాతు, రెండు బాతులు, ఎగిరే మట్టి పలకలు, అంతే. మొదట్లో పదికి ఆరు కొడితే చాలు, పోనుపోను పదికి పదీ కొట్టాలి, 99వ రౌండు దాటితే గేమే తికమకపడిపోతుంది. టైమ్ క్రైసిస్, హౌస్ ఆఫ్ ది డెడ్ లాంటి గన్ను ఆటలు కూడా ఆడే పిచ్చి ఉంటే అప్పుడు లెక్క వేరు, నిశ్చింతగా కొనండి.

లేదంటే డబ్బా టీవీయే. బరువు, చోటు, పాడైతే బాగుచేసేవాళ్ళు దొరకకపోవడం, అన్నీ ఒప్పుకుంటాను. కానీ పాత సామాన్లవాళ్ళ దగ్గర అది దాదాపు ఊరికే దొరుకుతుంది, హైదరాబాద్‌లో ఉంటే గురువారం జుమ్మేరాత్ బజార్‌లో ఓ చుట్టు చుట్టి చూడండి. కలరే కావాలని లేదు, గన్నుకు కావాల్సింది వెలుతురే కాబట్టి బ్లాక్ అండ్ వైట్ అయినా నడుస్తుంది. కొనేముందు ఆన్ చేయించి, బ్రైట్‌నెస్ పెంచితే పెరుగుతోందో లేదో చూసుకోండి, ట్యూబు మసకబారితే గన్ను సగం బాతుల్ని చూడదు.

మా ఊళ్ళో పక్కింటివాళ్ళ వరండాలో మూలన పడున్న పద్నాలుగు అంగుళాల టీవీ అడిగి తెచ్చాను. యాంటెన్నా సాకెట్‌కి వైరు పెట్టి ఛానల్ తిప్పుతూ తిప్పుతూ ఉంటే చీమల మధ్యలోంచి ఆకుపచ్చ గడ్డి కనిపించింది. మొదటి దెబ్బకే బాతు పడింది. అప్పుడు చెప్పాను మావాడికి, ఒక్క బాతు ఆటలో రెండోవాళ్ళు కంట్రోలర్‌తో బాతును తిప్పొచ్చని. అంతే, వాడు గన్ను నా చేతికిచ్చేసి బాతై కూర్చున్నాడు, రాత్రి భోజనాలకు పిలిచేదాకా నాకు ఒక్క రౌండు కూడా సరిగ్గా దక్కనివ్వలేదు.