43 అంగుళాల టీవీకి 4కె కావాలా, ఫుల్ హెచ్‌డీ సరిపోతుందా?

షోరూమ్‌లో టీవీని మూడడుగుల దూరంలో నిలబడి చూస్తాం. ఇంట్లోనేమో ఎనిమిది, తొమ్మిది అడుగుల అవతల సోఫాలో కూర్చుని చూస్తాం. 4కె కోసం అదనంగా పెట్టే డబ్బు దండగో కాదో తేల్చేది ఆ దూరమే. అందుకే షాపుకు వెళ్లేముందు టేపు పట్టి, సోఫాలో తల ఆనించే చోటు నుంచి టీవీ గోడ దాకా కొలుచుకోండి.

ఫుల్ హెచ్‌డీ తెర మీద 1920×1080, అంటే దాదాపు 21 లక్షల పిక్సెళ్లు (బొమ్మను తయారుచేసే చిన్న చుక్కలు) ఉంటాయి. 4కెలో 3840×2160, సుమారు 83 లక్షలు. కాగితం మీద నాలుగు రెట్లు. కానీ మామూలుగా మంచి చూపున్న కన్ను కూడా ఒక డిగ్రీ కోణంలో 60వ వంతు కన్నా చిన్న వివరాన్ని విడదీసి చూడలేదు. ఈ లెక్కన టీవీ అంగుళాలను 1.56తో హెచ్చవేస్తే అంగుళాల్లోనే వచ్చే దూరం దాటి కూర్చున్నవాళ్లకు రెండింటి మధ్య పిక్సెళ్ల తేడా కనపడదు. 43 అంగుళాలకు ఆ దూరం ఐదున్నర అడుగులు. 55కి ఏడడుగుల పైచిలుకు, 65కి ఎనిమిదిన్నర.

కాబట్టి ఎనిమిదడుగుల హాల్లో 43 అంగుళాలే చాలనుకుంటే, చవకరకం 4కె కన్నా మంచి ప్యానెల్ ఉన్న ఫుల్ హెచ్‌డీయే నయం. వెలుతురు సరిపోని ప్యానెల్ మీద డబ్బా పైన హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడాను బాగా చూపించే పద్ధతి) అని రాసి ఉన్నా ఒరిగేదేమీ లేదు. బడ్జెట్ కొంచెం పెంచగలిగితే మాత్రం నా ఓటు 55 అంగుళాలకే. ఆ సైజులో ఇప్పుడు దొరికేవన్నీ దాదాపు 4కెలే, రిజల్యూషన్ గురించి వేరే టెన్షన్ ఉండదు. పైగా పెద్ద బొమ్మ వల్ల కలిగే తేడా ఇంట్లో పెద్దవాళ్లకు కూడా తెలుస్తుంది. 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్‌లో 28 నుంచి 18 శాతానికి తగ్గడం కూడా కలిసొచ్చేదే.

బెడ్‌రూమ్‌లో పెట్టే 32 అంగుళాల సంగతి వేరు. వీటిలో ఎక్కువ భాగం 1366×768 హెచ్‌డీ రెడీలే. మంచం నుంచి నాలుగైదు అడుగులే ఉంటే న్యూస్ చానల్ కింద పరిగెత్తే స్క్రోలింగ్ చూడండి. వత్తులు, గుణింతాల అంచులు గరుగ్గా, మెట్లు మెట్లుగా కనిపిస్తాయి. అక్కడ ఫుల్ హెచ్‌డీ మోడల్ కోసం వెతకడం దండగ కాదు. ఆరడుగులు దాటితే హెచ్‌డీ రెడీ చాలు.

ఇంకొకటి, మీరు చూసేదేమిటి? కేబుల్‌లో వచ్చే మామూలు ఎస్‌డీ చానల్‌ను 55 అంగుళాల తెర మీదికి సాగదీస్తే 4కె టీవీ అయినా బొమ్మ మసకగానే ఉంటుంది. టీవీ లేని వివరాన్ని పుట్టించలేదు. ముందు హెచ్‌డీ ప్యాక్ వేయించుకోండి. నెట్‌ఫ్లిక్స్‌లో 4కె రావాలంటే ప్రీమియం ప్లానే తీసుకోవాలి.

4కె కన్నా నాలుగు రెట్ల పిక్సెళ్లుండే 8కె జోలికి ఇప్పుడు పోనక్కర్లేదు. 65 అంగుళాల తెరకు నాలుగడుగుల దగ్గరికి జరిగితే తప్ప 4కెతో తేడా తెలియదు, అందులో చూడటానికి సినిమాలూ దాదాపు లేవు.

పిల్లలు గేమ్ కన్సోల్ తగిలించుకుని తెరకు నాలుగడుగుల్లోనే కూర్చుంటారంటే మాత్రం 43లో కూడా 4కెనే తీసుకోండి.