ఏడడుగుల కుర్రాడా, బయటి ఆటగాడా, సగం కోర్టా: మన బాస్కెట్‌బాల్‌కి ఏది మేలు?

2025 ఆగస్టులో జెడ్డాలో ఆసియా కప్. జోర్డాన్‌తో మన మ్యాచ్ ఓవర్‌టైమ్ దాకా వెళ్లి 84-91తో పోయింది. అమలాపురంలో వాన పడుతోంది. బాబాయి ఫోన్ చేసి, "చూశావురా? నోటిదాకా వచ్చింది" అన్నారు. ఆయన పీఈటీగా చేసి రిటైరైన మనిషి. తర్వాత చైనా 100-69తో ఉతికేసింది. సౌదీ మీదా ఓడి, ఒక్క గెలుపూ లేకుండా ఇంటికొచ్చేశాం. 2022లో జకార్తాలోనూ అంతే, మూడుకి మూడూ పోయాయి. అప్పట్నుంచి మా ఇద్దరికీ ఒకటే గొడవ: ఈ జట్టు బాగుపడాలంటే ఏం చెయ్యాలి?

బాబాయి మాట ఒకటే. ఎత్తు కావాలి. ఊళ్లన్నీ గాలించి పొడుగు పిల్లల్ని పట్టుకుని అకాడమీల్లో పడెయ్యాలి. పంజాబ్‌లో బల్లోకే అనే పల్లెటూరి నుంచి ఏడడుగుల రెండంగుళాల సత్నామ్ సింగ్ 2015లో ఎన్‌బీఏ (అమెరికా ప్రొఫెషనల్ లీగ్) డ్రాఫ్ట్ దాకా, అంటే జట్లు కొత్త ఆటగాళ్లని ఎంచుకునే చోటిదాకా వెళ్లాడు కదా అంటారు. నిజమే, డల్లాస్ జట్టు 52వ ఎంపికగా తీసుకుంది. కానీ ఎన్‌బీఏలో ఒక్క మ్యాచూ ఆడలేదు, చివరికి రెజ్లింగ్‌కి వెళ్లిపోయాడు. అతన్ని తప్పు పట్టడం లేదు, ఆట అలా మారిపోయింది. ఇప్పుడు పొడుగువాడు కూడా దూరం నుంచి షాట్ వెయ్యాలి, బంతి పట్టుకుని పరిగెత్తాలి.

మా కోర్టులో ఒక కుర్రాడున్నాడు, ఆరడుగుల నాలుగంగుళాలు. రీబౌండ్, అంటే రింగ్‌లో పడక వెనక్కొచ్చిన బంతి, వాడిదే, అందులో డౌటు లేదు. కానీ బంతి పట్టుకుని కిందికి దిగగానే నడుం దగ్గరికి తెచ్చేస్తాడు. భుజం దాకా కూడా రాని తొమ్మిదో తరగతి పిల్లాడు టక్కున లాక్కుపోతాడు. వాడికి కావలసింది ఇంకో రెండంగుళాలు కాదు, చేతిలో బంతి నిలిచే అలవాటు. అయినా మా వైపు ఆరడుగులు దాటిన పిల్లాడు కనబడితే బాస్కెట్‌బాల్ దాకా రానిస్తారా? వాలీబాల్ వాళ్లు ముందే ఎత్తుకుపోతారు. 2014లో వుహాన్‌లో చైనాని వాళ్ల గడ్డమీదే 65-58తో ఓడించాం. చైనాని 58 దగ్గర ఆపింది ఎత్తు కాదు, డిఫెన్స్. అప్పటి కోచ్ స్కాట్ ఫ్లెమింగే జెడ్డాకీ వెళ్లాడు, అయినా ఫలితం మారలేదు.

మా తమ్ముడిది ఇంకో దారి. వాడు హైదరాబాద్‌లో ఉంటాడు. "అందరూ బయటివాళ్లని తెచ్చుకుంటున్నారు, మనకేం నొప్పి?" అంటాడు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల ఫైనల్లో ఫిలిప్పీన్స్ జోర్డాన్‌ని ఓడించి 1962 తర్వాత మళ్లీ బంగారం కొట్టింది. అటు జస్టిన్ బ్రౌన్లీ, ఇటు రోండే హోలిస్-జెఫర్సన్, ఇద్దరూ అమెరికాలో పుట్టినవాళ్లే. పౌరసత్వం ఇచ్చి తెచ్చుకున్న ఆటగాడు జట్టుకి ఒకడు ఉండొచ్చని ప్రపంచ బాస్కెట్‌బాల్ సంస్థ ఫిబా రూలు. మనకొచ్చిన చిక్కేంటంటే, 2008 నుంచి దేశానికి ఆడాలంటే భారత పాస్‌పోర్ట్ ఉండాల్సిందే, రెండు పౌరసత్వాలు కుదరవు. అమెరికాలో పుట్టిన మనవాళ్ల పిల్లాడు ఆ పాస్‌పోర్ట్ వదులుకుని వస్తాడా? ఒక్కడు వచ్చాడే అనుకుందాం. జోర్డాన్ లాంటి మ్యాచ్ గట్టెక్కవచ్చు, కాదనను. కోతకి మిషన్ అద్దెకి తెచ్చుకుంటాం, బాగానే ఉంటుంది. నారు మాత్రం మనమే పోసుకోవాలి కదా.

నా ఓటు త్రీ-ఆన్-త్రీకి. జట్టుకి నలుగురు, ఆడేది ముగ్గురు, సగం కోర్టు, ఒకటే రింగ్. పది నిమిషాలు, లేదా ఎవరు ముందు 21 పాయింట్లు కొడితే వాళ్లది. పన్నెండు సెకన్లలో షాట్ వెయ్యాలి. రింగ్ ముందున్న వంపు గీత లోపలి నుంచి వేస్తే ఒక పాయింటు, బయటి నుంచి రెండు. ఇక్కడే ఉంది కిటుకు. మామూలు ఆటలో దగ్గరి షాట్‌కి రెండు, దూరపు షాట్‌కి మూడు, అంటే ఒకటిన్నర రెట్లే. ఇక్కడ అచ్చంగా రెట్టింపు. పొట్టివాడికీ బతుకుంది.

టోక్యో ఒలింపిక్స్‌లో మగవాళ్ల త్రీ-ఆన్-త్రీ బంగారం లాత్వియాకి పోయింది. ఆ దేశం జనాభా 20 లక్షల లోపే, మన కోనసీమ జిల్లాకి కాస్త అటూఇటూ. మంగోలియా ఆడపిల్లలు కూడా ఆ ఒలింపిక్స్ ఆడారు. 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో ఈ ఆటకి ఎనిమిది జట్లని పన్నెండు చేస్తున్నారు. అయిదుగురి ఆటలో మనం ఒలింపిక్స్ చూసింది ఒక్కసారే. 1980 మాస్కోకి చాలా దేశాలు బహిష్కరణ పేరుతో రాకపోవడం వల్ల వెళ్లి, పన్నెండులో పన్నెండో స్థానంతో వచ్చాం. మన ఆడవాళ్లు 2017లో బెంగళూరులో కజకిస్తాన్‌ని 75-73తో ఓడించి ఆసియాలో పై డివిజన్‌కి వెళ్లారు. ఆ సంగతి మా ఊళ్లో ఎవరికీ తెలీదు, అది వేరే బాధ.

మా అమలాపురం నుంచే సాత్విక్‌సాయిరాజ్ బ్యాడ్మింటన్ డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు. ఇద్దరుంటే చాలిన ఆట అది. పన్నెండుమందిని తయారుచేసే స్తోమత మా ఊరికి లేదు. నలుగురినైతే చెయ్యగలం.

బాబాయి ఒప్పుకోరు. "సగం కోర్టు ఆడినోడు ఫుల్ కోర్టులో రెండు రౌండ్లకే ఆయాసపడతాడ్రా" అంటారు. అందులో నిజముంది. అయిదుగురి ఆటకి కావలసిన ఎత్తుగడలు ఇందులో రావు, నిలకడైన లీగ్ ఉండి ఏడాదంతా మ్యాచులు ఆడితేనే వస్తాయి. రెండూ ఉంటే ఇంకా మంచిది. ఒక్కటే అంటే మాత్రం నేను చిన్నదాన్నే పట్టుకుంటాను.

పోయిన డిసెంబరులో ఎవరో మా కోర్టులో సగం దాకా ధాన్యం ఆరబోసేశారు. పిల్లలు కాసేపు చూసి రెండో సగంలో ముగ్గురేసి చొప్పున మొదలెట్టేశారు. బంతి ధాన్యంలో పడితే అవతలి జట్టుకి. ఆ రూల్ పెట్టింది బాబాయే.