వ్యవసాయ డిగ్రీ ఎలా ఉంటుంది? చేను గట్టు మీద నుంచి నా అభిప్రాయం

అనంతపురం చుట్టుపక్కల బైపీసీ చదివిన పిల్లలున్న ఇళ్లలో ఇప్పుడు ఇదే ప్రశ్న: మెడిసిన్ సీటు రాకపోతే ఏజీ బీఎస్సీలో చేర్చవచ్చా? నేను ఆ కాలేజీ గడప తొక్కలేదు. కానీ ప్రభుత్వ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో నాలుగో ఏడు చదివే నలుగురు అమ్మాయిలు నిరుడు వానకాలం మా మేడ మీది గదిలో అద్దెకుండి, మా చేలో తిరిగారు. చివరి ఏడాది ఇలా పల్లెలో ఉండి రైతుల పక్కన పని చేయాలి. దాన్ని రావెప్ (గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమం) అంటారు. వాళ్ల చదువులో నేను కళ్లారా చూసిన భాగం అదే, దాని గురించే చెబుతాను.

మాది ఎర్రనేల, వాన మీదే వేరుశనగ. మా ఊళ్లో కాల్షియం అందించే జిప్సం బస్తాలు ఎప్పుడు దొరికితే అప్పుడు చల్లేస్తారు. ఒకమ్మాయి పూత మీదున్న మొక్కను వేళ్లతో సహా పెకలించి, పూత నుంచి నేలలోకి దిగి చివర కాయ కట్టే ఊడలను ఒక్కొక్కటే పట్టి చూపింది. "అమ్మా, కాయకు కావలసిన కాల్షియం వేరు నుంచి రాదు. ఊడ దిగిన చోట మట్టిలో ఉంటే కాయే నేరుగా పీల్చుకుంటుంది" అంది. అందుకే జిప్సం ఎకరాకు 200 కిలోలు, పూత దశలో, మొదళ్ల దగ్గర పడేలా వేయాలి. లేదంటే పప్పు నిండక కాయ తాలుపోతుంది. విత్తిన 45 రోజుల తర్వాత కలుపు తీసే గుంటక తోలవద్దనేది కూడా దిగిన ఊడలు కదలకూడదనే. ఎంతమంది చెప్పినా చెవిన పెట్టని మా అత్తగారు ఆ మొక్కను చేతిలోకి తీసుకుని ఊడలు లెక్కపెట్టారు.

రామాలయం ముందు ఆ అమ్మాయిలు ముగ్గుపిండితో ఊరి పటం వేసినప్పుడు పెద్దవాళ్లంతా చుట్టూ చేరారు. చెరువుకు నీళ్లు తెచ్చే వంక దారిని వాళ్లే చెరిపి సరిదిద్దారు. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన అమ్మాయి, కాలువ లేకుండా ఆకాశం వైపు చూస్తూ పంట పండించడం అప్పుడే మొదటిసారి చూసిందట. ఏ తరగతి గదీ ఇవ్వలేని పాఠం అది.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఖర్చుల పుస్తకం. విత్తనం, ఎరువు, కూలీలు రాయించాక "ఇంటి మనుషుల కూలి కూడా వేయాలమ్మా, మీరు చేలో ఎన్ని రోజులు పని చేశారు?" అని అడిగారు. ఇన్నేళ్లలో నా రెక్కల కష్టాన్ని ఎవరూ లెక్కలో రాయలేదు. ఆ కాగితం దాచుకున్నాను.

లోపం ఒకటుంది, చిన్నది కాదు. వాళ్లు వచ్చేసరికి విత్తడం అయిపోయింది. కిలో విత్తనానికి 3 గ్రాముల మాంకోజెబ్ అనే తెగులు మందు పట్టించే పద్ధతిని గిన్నెలో గుప్పెడు గింజలతో చూపాల్సి వచ్చింది. మట్టి నమూనా వేసవిలో, ఎరువు వేయక ముందు తీయాలని వాళ్లే చెప్పారు. ఎరువు వేసిన చేలో తీసి ఏం లాభం? కాయ పీకే వేళకు మళ్లీ వెళ్లిపోయారు. వేరుశనగ నాలుగు నెలలు నిండని పంట. మొదటి వానకు ముందు పంపి, కాయ కల్లం చేరాక తీసుకెళ్లేలా ఏర్పాటు చేస్తే పిల్లలకూ మాకూ ఎంతో మేలు.

ఇక తల్లిదండ్రులకు నా మాట. వ్యవసాయ అధికారి పోస్టులు, బ్యాంకు ఉద్యోగాలు, పీజీ అన్నీ ఉన్నాయి, నిజమే. కానీ ఎండలో నిలబడి రైతు చెప్పేది ఓపికగా వినే పిల్లలకైతేనే ఈ చదువు అబ్బుతుంది. అలాంటి పిల్లలైతే ధైర్యంగా చేర్చండి. కాలేజీ చూడటానికి వెళ్లినప్పుడు భవనాలు చూసి సరిపెట్టుకోకుండా, నాలుగో ఏడు పిల్లలను పట్టుకుని ఏ ఊళ్లకు పంపారో, ఏ నెలలో పంపారో, ఎన్నాళ్లు ఉంచారో అడగండి.