తిరుపతి ఎండల్లో 8×42 బైనాక్యులర్స్: చాలాకాలం వాడాక

ఫిబ్రవరి నుంచి మే దాకా తిరుపతి చుట్టుపక్కల వలస పిట్టలు చూడ్డానికి 10×42 కన్నా 8×42 మేలు (మొదటి అంకె ఎన్ని రెట్లు పెద్దదిగా చూపుతుందో, రెండోది ముందు అద్దం వెడల్పు మి.మీ.లలో). దుకాణంలో రెండూ చేతికిచ్చి ఎదుటి వీధి బోర్డు చదవమంటే పదే గెలుస్తుంది. తలకోన అడవిలో చెట్ల కింద మాత్రం నెగ్గేది ఎనిమిదే. 42ని 8తో భాగిస్తే 5.25 మి.మీ.; కంటికి అందే వెలుగు పుంజం వెడల్పు అంత. పదికైతే 4.2. ఏప్రిల్, మే నెలల్లో ఉత్తరానికి మళ్లే పొన్నంకి పిట్ట నీడలో, రాలిన ఆకుల్లో మేత వెతుక్కుంటుంది. తెల్లవారగానే దాన్ని చూపుతో పట్టుకోవాలంటే ఆ కాస్త తేడానే దిక్కు. తోక పిగిలిపిట్ట కొమ్మ మారినప్పుడల్లా పదిలో వెతుక్కోవాలి, అందులో కనిపించే మేర ఇరుకు. చేతి వణుకూ పెద్దదై కనిపిస్తుంది.

బూరుగు, మోదుగ పూల మీద వాలే గులాబీ గోరింకలకు ఏదైనా సరిపోతుంది. వెళ్లిపోయే ముందు చూడండి: ఈకల చివరి మసక అంచులు అరిగి అసలు రంగు తేలుతుంది.

చెరువుల దగ్గర ఇది చాలదు, దూరపు ఉల్లంకులు (నీటి అంచున తిరిగే పిట్టలు) ఏవేవో తేల్చలేం. ఎండ ముదిరాక గాలి అలలాడుతుంటే ఖరీదైన స్కోపూ (పిట్టల్ని చూసే టెలిస్కోపు) అంతే. ఆ అలల్నే పెద్దవి చేస్తుంది.

‘మసగ్గా ఉంది’ అనేవాళ్లలో చాలామంది డయాప్టర్ (రెండు కళ్ల చూపులో తేడాను సర్దే రింగు) సరిచేసుకోరు. కుడికన్ను మూసి, మధ్య చక్రంతో ఎడమకంటికి ఫోకస్ చేయాలి. తర్వాత ఎడమకన్ను మూసి, చక్రం కదపకుండా, కుడివైపు రింగు తిప్పాలి. కళ్లజోడు ఉంటే ఐకప్పులు (కళ్లకు ఆనించే అంచులు) పూర్తిగా దించాలి. ఐ రిలీఫ్ (దృశ్యం పూర్తిగా కనిపించడానికి కంటికీ అద్దానికీ మధ్య ఉండాల్సిన దూరం) 15 మి.మీ. కన్నా తక్కువైతే చుట్టూ నల్లగా కనిపిస్తుంది.

నైట్రోజన్ నింపి సీల్ చేసినదే కొనండి. సీల్ లేనివాటిలో ఈశాన్య రుతుపవనాల తేమకు ప్రిజం (లోపలి గాజు దిమ్మ) మీద బూజు పడుతుంది, బాగుచేయిస్తే కొన్నంత ఖర్చు కావచ్చు. సీల్ ఉన్నా ఏసీ కారు దిగగానే బయటి అద్దాలు మసకబారతాయి. తుడవకుండా కాసేపు ఆగండి. దుమ్మును ముందు బ్లోయర్‌తో ఊదాలి. చొక్కా కొసతో రుద్దితే అద్దం మీది పూత గీసుకుపోతుంది.

వేసవిలో కారు డాష్‌బోర్డు మీద వదిలితే రబ్బరు తొడుగు జిగురుపట్టి ఊడుతుంది. కింద పడితే కరెంటు తీగను చూడండి: రెండుగా కనిపిస్తే ప్రిజం కదిలినట్టే, ఇంట్లో విప్పొద్దు. కూడా వచ్చే సన్నటి పట్టీ మెడ కోస్తుంది, భుజాలకు తగిలించే హార్నెస్ విడిగా కొనుక్కోండి.